ఎస్తేరమ్మ ఏమీ లేదన్న చోటు

కావలి కాలేజీలో ముప్పై ఒక్కేళ్ళు భూగోళశాస్త్రం చెప్పాను. ప్రతి జూన్‌లో మొదటి క్లాసులో ఒకటే ప్రశ్న అడిగేవాణ్ణి: "చోటు అంటే ఏమిటి?" పిల్లలు బిక్కమొహాలు వేస్తే నాకు సంబరం. స్టాఫ్‌రూములో కూడా ఇదే గొడవ. ఎకరాకు ఎంత పండుతుందో అదే చోటని ఎకనామిక్స్ మధుబాబు అనేవాడు. కాదు, అక్కడ ఏం జరిగిందో అదే చోటని హిస్టరీ ప్రత్యూష వాదించేది. మనిషి బతికి అలవాటు చేసుకున్న నేలే చోటని నేను బల్ల గుద్దేవాణ్ణి. నాకు కోపం ఎక్కువ. టీ చల్లారిపోయేది గానీ ఎవరమూ తగ్గేవాళ్ళం కాదు.

ఇంత తెలిసినవాణ్ణి ఎస్తేరమ్మ విషయంలో ఏం చేశానో చెప్పాలి. ముందు ఆమె ఎవరో చెప్తాను.

అల్లూరు అవతల, ఉప్పు కాలవ పక్కన, ఈతకండ్రిగ అని చిన్న ఊరు. ఎస్తేరమ్మ ఆ ఊరి క్రైస్తవ పల్లెలో పుట్టింది, ఆ ఊళ్ళోనే సమాధానం అనే కూలీని పెళ్ళి చేసుకుంది. పన్నెండో ఏట వరి నాట్లకు దిగిందట. ముప్పై దాటేసరికి ఇరవైమంది ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రి అయింది. ఏ కయ్యలో కాలు మోకాలిదాకా దిగబడుతుందో, ఏ గట్టు మీద అన్నం మూట విప్పితే చీమలు పట్టవో అన్నీ ఆమెకు తెలుసు. పొలాలు రొయ్యల గుంటలైనాక నాట్లు తగ్గాయి. ముఠా మొత్తాన్ని వెంటేసుకుని రొయ్యల తలకాయలు తీసే పనికి పోయింది. వేళ్ళు పుండ్లు పడితే కొబ్బరినూనె రాసుకుని, ఆదివారం చర్చి కూడా ఆమే ఊడ్చేది. నలుగురిని కన్నది, ఇద్దరు మిగిలారు.

ఎనిమిదేళ్ళ కిందట మూడు డిపార్ట్‌మెంట్లు కలిసి ఒక ఊరి పటం గీయాలనుకున్నాం. సర్వే నంబర్ల పటం కాదు, ఊరివాళ్ళు ఏ చోటును ఏమని పిలుచుకుంటారో ఆ పటం. దారి చూపించడానికి ఎస్తేరమ్మ వచ్చింది. చెప్పులు లేకుండా ముందు నడుస్తుంటే పద్దెనిమిది మంది పిల్లలూ, మేమూ వెనక ఉరికాం. ఇది దూడల మిట్ట, ఇది పిచ్చమ్మ జారిపడిన గట్టు, ఇది వానొస్తే నిలబడే సందు. ఒక్కపూటలో అరవై మూడు చోట్లు చెప్పింది. మధుబాబు సైతం నోరు మూసుకుని రాసుకున్నాడు.

పన్నెండున్నరకు కాలవ పక్కన ఒక ఇసకదిబ్బ దగ్గరికి వచ్చాం. నాలుగు సరుగుడు చెట్లు తప్ప ఏమీ లేవు. భానుప్రియ అనే అమ్మాయి, మా క్లాసులో చురుకైనది, అడిగింది.

"అవ్వా, ఇదేంది?"

"అక్కడేం లేదు మా," అంది ఎస్తేరమ్మ. అంతసేపూ మా వైపు తిరిగి మాట్లాడిన మనిషి మొహం పక్కకు తిప్పుకుంది. కొంగు తలమీదికి లాక్కుని వడివడిగా నడిచింది.

భానుప్రియ నా దగ్గరికి వచ్చి మెల్లగా, "సార్, అవ్వ ఎట్నో అయిపోయింది. ఇంకోసారి అడగమంటారా?" అంది.

రెండింటికి బస్సు. నాకు ఆకలి నకనకలాడుతోంది. "ఆమే లేదంటా ఉంటే నీకేం తల్లీ? ఖాళీ అని రాయి, పద," అని కసిరాను. ఆ పిల్ల తల వంచుకుని రాసింది.

పటం గొప్పగా వచ్చింది. యూనివర్సిటీవాళ్ళు బహుమతి ఇచ్చి శాలువా కప్పారు. నా ఉద్యోగం మొత్తంలో కప్పించుకున్న శాలువా అదొక్కటే. ఒక కాపీకి అద్దం కట్టించి నేనే తీసుకెళ్ళి ఈతకండ్రిగ పంచాయతీ గోడకు తగిలించి వచ్చాను.

ఆ దిబ్బ సంగతి మూడేళ్ళ కిందట తెలిసింది. భానుప్రియ అప్పటికి అదే ఊళ్ళో గ్రామ సర్వేయరుగా చేరింది. ఫోన్ చేసి ఏడ్చింది. పేరు పెట్టకముందే పోయిన బిడ్డల్ని ఈతకండ్రిగలో ఆ దిబ్బలోనే పెడతారు. హిందువులైనా క్రైస్తవులైనా అంతే. రాయి పాతరు, శిలువ పెట్టరు. తల్లి మళ్ళీ అటు పోకూడదు. చోటు పేరెత్తితే తర్వాత కడుపున పడే బిడ్డకు కీడని వాళ్ళ భయం. అందుకని ఎవరు అడిగినా అక్కడేం లేదనాలి. ఆ మాట తల్లి నుంచి కూతురు నేర్చుకుంటుంది.

బయటూరి ఆసామి ఒకడు రొయ్యల గుంటకు ఆ దిబ్బను లీజుకు అడిగాడు. ఊళ్ళో కొందరు గొణిగితే అతను గోడ మీది పటం చూపించాడట. "కాలేజీవోళ్ళే ఖాళీ అని రాసినారు. మీ ఎస్తేరమ్మ చెప్తేనే రాసినారంట గదా." తెలిసినవాళ్ళు తలలు దించుకున్నారు. పేరెత్తకూడదు గదా. యంత్రం సగం దిబ్బ తవ్వేసింది. అప్పుడు ఎస్తేరమ్మ పోయి దాని ముందు కూర్చుంది. ఎందుకో చెప్పలేదు, లేవమంటే లేవలేదు. చివరికి మిగతా సగం వదిలేసి పోయారు.

ఆ నెల నుంచి ఆమె బల్ల తీసుకోవడం మానేసిందని భానుప్రియ చెప్పింది. బల్ల అంటే చర్చిలో నెలకోసారి ఇచ్చే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం. మనసులో తప్పు పెట్టుకుని తీసుకోకూడదని వాళ్ళ నమ్మకం. చర్చి ఊడ్చేది, పాటలు పాడేది, రొట్టె పళ్ళెం తన వరసకు వచ్చే ముందు లేచి బయటికి వెళ్ళిపోయేది. అడిగితే, "నా నోటితో ఇచ్చేసినా బిడ్డల్ని," అనేదట.

ఇదంతా విని నేనేం చేశానంటారా? ఏమీ చేయలేదు. అయ్యో అని ఫోన్ పెట్టేసి శాలువా ఉన్న బీరువా తలుపు మూశాను. మూడేళ్ళు నోరు మెదపలేదు. ఆమె చెప్పిందే రాశాం గదా అని నాకు నేను వంద సార్లు చెప్పుకున్నాను. సిగ్గులేని మాట అది.

పోయిన నెల భానుప్రియ మళ్ళీ చేసింది. "సార్, భూముల రీసర్వేలో మిగతా సగం కూడా ఖాళీ అనే పడేటట్టుంది. పడితే దాన్నీ తవ్వేస్తారు. పటం తప్పని మీరు రాసియ్యాల. అక్కడేముందో ఊళ్ళోవాళ్ళు ఒకరు చెప్పి సంతకం పెట్టాల. ఎవురూ నోరు తెరవరు సార్."

జ్వరమని అబద్ధం చెప్పాను. తొమ్మిది రోజులు ఆ జ్వరంతోనే ఉన్నాను. పదో రోజు పొద్దున తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసుకుని బస్సెక్కాను.

ఊళ్ళో భానుప్రియ ఎదురొచ్చి నన్ను ఎస్తేరమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది. "కూర్చోండి సార్. చిక్కినారే," అంది. కూర్చుంటే మళ్ళీ మాట మింగేస్తానని తెలుసు. నిలబడే చెప్పాను.

"అమ్మా, ఆ రోజు నువ్వు మొహం తిప్పుకున్నావు. నేను చూశాను. ఇంకోసారి అడుగుతానని భానుప్రియ అంది. నేనే వద్దన్నాను. ఆకలేసి, బస్సుకు టైమైందని వద్దన్నాను. తప్పు నాది. నీ మాటది కాదు."

ఆమె చేతిలో గింజ చేటలో వేసింది. భానుప్రియ వైపు చూసింది.

"అడగతానన్నావా మా?"

"అన్నా అవ్వా."

ఎస్తేరమ్మ నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"మొదటిసారి లేదనే అనాల. మా అమ్మ అట్నే నేర్పింది," అంది నెమ్మదిగా. "ఆడపిల్ల పక్కన కూర్చోని రెండోసారి అడిగితే చెప్పొచ్చు, ఆడోళ్ళం మాకు మేం అట్నే చెప్పుకుంటాం. ఆ పొద్దు అడిగుంటే చెప్పేదాన్నే సార్."

భానుప్రియ అరుగు మీద ఆమె పక్కన కూర్చుని రెండోసారి అడిగింది.

ఎస్తేరమ్మ చేట పక్కన పెట్టి లేచింది. దిబ్బ దాకా ముగ్గురం నడిచాం. ఈసారి కొంగు తలమీదికి లాక్కోలేదు. సరుగుడు చెట్టు దగ్గర ఆగి, కయ్యలో నాటు వరసలు చూపించినట్టే పాదంతో నేల కొలిచింది. "ఇక్కడ నా పెద్దది. ఆ పక్కన పిచ్చమ్మది. ఇది గంగులయ్య మనవడు, మూడు దినాలు బతికినాడు." నేను ఇసకలో కూలబడి రాసుకున్నాను. ఇరవై ఆరు చెప్పింది. భానుప్రియ ఫారం చాపితే వేలిముద్ర వేసింది. నేను నా కాగితం జత చేశాను.

"ఈ నెల బల్లకు పోతావా అవ్వా?" అంది భానుప్రియ.

"పోతా. తప్పు నా మాటది కాదని సార్ చెప్పినాడు గదా," అంది ఎస్తేరమ్మ.

నేను పెన్ను మూయబోయాను. ఆమె ఆపింది. తవ్వేసిన సగంలోని రొయ్యల గుంట వైపు చేయి చూపించింది. నీళ్ళలో రొయ్యలకు గాలి పట్టించే రెక్కల చక్రాలు తిరుగుతున్నాయి.

"నా రెండోది ఆడ ఉన్నింది సార్. ఇంకా చానామందివి ఉండాయి. అవి కూడా రాసుకోండి."

కొత్త కాగితం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. రెండు గంటల బస్సు వెళ్ళిపోయింది. ఎస్తేరమ్మ వచ్చి నా పక్కన కూర్చుని, గుంటలో పోయినవాటిలో మొదటిదాని నుంచి చెప్పడం మొదలుపెట్టింది.