బిందె మీద అత్తగారి పేరు

సామాన్ల మీద పేర్లు కొట్టిస్తే దొంగలు మళ్ళీ రారని తెనాలి మొత్తానికి నేర్పినవాణ్ణి నేను. మా గేటుకి బోర్డు కట్టాక దొంగలు వీధి మొదట్లోనే ఆగి, దాన్ని చదువుకుని, అటునుంచటే రేపల్లె బండెక్కేవాళ్ళని చాలా ఏళ్ళు చెప్పాను. స్కూల్లో తోటి మాస్టార్లు నమ్మారు. కొన్నాళ్ళకి నేనూ నమ్మాను. ఇప్పుడిక వయసు మీద పడింది కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

అప్పట్లో, అంటే అరవైల్లో, నేనూ మా ఆవిడా తెనాలిలో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఓ ఆదివారం ఇద్దరం చేబ్రోలులో పెళ్ళి భోజనం చేసి వచ్చేసరికి వంటింట్లో ఇత్తడంతా పోయింది. బండెడు సామాను పోయిందని ఊరంతా చెప్పాను. నిజానికి పోయినవి రెండు గుండిగలు, ఒక గంగాళం, నాలుగు చెంబులు. మిగిలింది మా ఆవిడ సారెతో వచ్చిన బిందె ఒక్కటే. దాన్నిండా నీళ్ళున్నాయి. పారబోసి మోసుకుపోయే ఓపిక లేక వదిలేసి ఉంటారు.

మా ఆవిడ ఆ బిందె మూతి మీద చెయ్యేసుకుని కూర్చుండిపోయింది. అది ఇచ్చిన ఏడాదికే మా అత్తగారు పోయారు. అమ్మ చేతి వస్తువంటూ మా ఆవిడకి ఉన్నది అదే.

నెల తిరక్కుండా బాపట్లలో దొంగ ఇత్తడి పట్టుబడిందని తెలిసి వెళ్ళాను. పోలీసు స్టేషన్ వరండాలో గుట్టగా పోశారు. అందులో మా గంగాళం గుర్తుపట్టాను. నా పక్కనున్న పెద్దమనిషి కూడా అదే గంగాళాన్ని తనదిగా గుర్తుపట్టాడు.

"పేరుందా మాస్టారూ?" అన్నాడు హెడ్డు కానిస్టేబులు.

"లేదండి. కానీ అది మాదేనండి. నాకు తెలుసు."

"ఆయనకీ తెలుసంట. చెరిసగం కోసిమ్మంటారా?"

ఉత్త చేతుల్తో బండెక్కాను. కొత్త సామాను కొన్న మర్నాడే, పాత్రల కొట్టు అరుగు మీద కూర్చుని పేర్లు కొట్టే అతన్ని ఇంటికి తీసుకొచ్చాను. చిన్న ఉలి, చిన్న సుత్తి. చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ అక్షరం తేలుస్తాడు. చెంబులు, గుండిగలు, గరిటెలు, అట్లకాడ, సైకిలు బెల్లు మూత, అన్నిటి మీదా నా పేరే. ఊరగాయ జాడీ కూడా ముందు పెడితే, "పింగాణీ అండి, పగుల్తుంది" అని దండం పెట్టాడు.

ఆఖర్న మా ఆవిడ బిందె తెచ్చింది. "దీని మీద మీ పేరొద్దు. ఇచ్చినవాళ్ళ పేరు కొట్టాలి" అని వాళ్ళమ్మ పేరు చెప్పింది. అతను కొట్టినంతసేపూ పక్కనే నిలబడింది.

ఇక బోర్డు. "ఈ ఇంటి సామానంతటికీ పేర్లు కొట్టబడి యున్నవి" అని రాయించి గేటుకి కట్టాను. దొంగలు చదివారో లేదో గాని వీధిలో ఆడవాళ్ళు చదివారు. "బాబాయిగారూ, పేర్లు కొడతారంటగా?" అని ఒకావిడ రెండు స్టీలు కంచాలు పట్టుకొచ్చింది. మా ఆవిడ లోపలికెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది.

ఆ మరుసటేడు చెల్లెలి పురిటికని మా ఆవిడ రేపల్లె వెళ్ళింది. వెళ్తూ, "పెరటి గడియ వెయ్యడం మర్చిపోకండి. బిందె ఎప్పుడూ నింపే ఉంచండి" అంది. పది రోజులకి మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చేసరికి పెరటి తలుపు బార్లా తీసుంది. గడియ విరగ్గొట్టారని పోలీసులతో చెప్పాను. అసలు వేస్తే కదా విరగ్గొట్టడానికి! భోజనం హోటల్లో, మంచినీళ్ళు కూజాలో. ఒక్కడి కోసం నీళ్ళు తోడ్డమెందుకని బిందె బోర్లించి పెట్టాను. గేటు మీద బోర్డు ఉంది, బిందె మీద పేరూ ఉంది. బిందె పోయింది.

ఈసారి తెనాలి స్టేషన్లో చెప్పారు: "పేరుంటే, దొరికాక మీదేనని ఇస్తామండి. ముందు దొరకాలిగా! కొలిమిలో పడ్డాక పేరెవరు చదువుతారు?"

వారం రోజులు చూశాను. దొరకలేదు. అప్పుడు నేను చేసిన పని ఇన్నేళ్ళూ ఎక్కడా చెప్పలేదు. అదే సైజు బిందె ఒకటి కొని ఆ పేర్లు కొట్టే అతని దగ్గరికి పట్టుకెళ్ళాను. నేను రాసిచ్చిన పేరు చూసి, "నిరుడు కొట్టానండి ఈ పేరు. ఆవిడగారు ఇంకోటి ఇచ్చారా?" అన్నాడు.

"ఇచ్చారండి" అన్నాను. చనిపోయిన మనిషి చేత బిందె ఇప్పించాను.

చింతపండుతో తోమి, బూడిదతో రుద్ది, కొత్త మెరుపు పోగొట్టాను. రుబ్బురోలు పొత్రంతో రెండు సొట్టలు కూడా పెట్టాను. పాత బిందె పక్కన పెట్టినా నేనే పోల్చుకోలేననిపించింది.

మా ఆవిడ రేపల్లె నుంచి దిగింది. కాళ్ళు కడుక్కుని బిందె తీసుకుని బావి దగ్గరికెళ్ళింది. నింపి చంకనెత్తుకుంది. రెండడుగులేసి ఆగి, గట్టు మీద దించేసింది.

"ఎప్పుడు పోయింది?"

"ఏది?"

"మా అమ్మ బిందె."

"ఇదేగా! పేరు చూడు."

"పేరు నాకు చూపిస్తారేంటండీ? ఆ బిందె నా నడుముకి ఎలా కూర్చుంటుందో నాకు తెలీదా? ఈ సొట్టలు దొంగ పెట్టాడా, మీరు పెట్టారా?"

"నేనే" అన్నాను. గడియ సంగతి, బోర్లించిన సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. నీళ్ళు మొక్కలకి పోసి లోపలికెళ్ళిపోయింది.

నాలుగు రోజులు అవసరమైన మాటలే నడిచాయి. అయిదో రోజు చీర మార్చుకుని, బిందె పట్టుకుని, "పదండి" అంది. పేర్లు కొట్టే అతని ముందు పెట్టి, "ఈ పేరు తీసెయ్యి నాయనా. ఇది మా అమ్మ ఇచ్చింది కాదు" అంది.

అతను నాకేసి చూశాడు. నేను రోడ్డుకేసి చూశాను.

"కొట్టింది పూర్తిగా పోదమ్మా. ఆకురాయితో రుద్దితే గరుకు మిగుల్తుంది."

"మిగలనీ."

రుద్దాడు. అక్షరాలు ఒక్కొక్కటే పోయాయి. మా ఆవిడ కళ్ళు తిప్పుకోకుండా చూసింది. అయిపోయాక, "కింద ఈయన పేరు కొట్టు. ఇచ్చింది ఈయనేగా" అంది.

పెళ్ళయి అన్నేళ్ళయినా నేను ఆవిడకంటూ విడిగా ఇచ్చింది ఏమీ లేదు. అతను నా పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి, "ఎవరికిచ్చారో కూడా కొట్టమంటారాండీ?" అనడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ బిందె చంకనెత్తుకుంది.

"అక్కర్లేదు. నాకు తెలుసుగా" అంది.