చిన్నాయన ఎదుట నిలబడిన రోజు

నా చిన్నప్పుడు మా కర్దనూరులో కర్రసాము తెలిసిన మనిషి మా చిన్నాయన ఒక్కడే. మా తాత దగ్గర నేర్చుకున్నాడు. పీర్ల పండుగ నాడు ఊరేగింపు ముందర ఆయన కర్ర తిప్పుతూ నడిస్తే, ఆ గాలి చప్పుడుకే జనం పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. పొద్దున్నే కల్లంలో ఊరి పోరగాళ్లకు నేర్పేవాడు. పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు లేచినకొద్దీ ఆ పోరగాళ్లు ఒక్కొక్కరే పనుల్లో కుదిరారు. ఒకడికి పొద్దుటి షిఫ్టు, ఇంకొకడికి రాత్రి షిఫ్టు. కర్రసాముకు ఎదుట ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషి దొరకడమే కష్టమైపోయింది. చివరికి, రోజూ చాయ్ తీసుకొని కల్లానికి వెళ్లే నన్నే నిలబెట్టాడు. బడికి పోకుండా ఎప్పుడూ ఇంటి దగ్గర ఉండేదాన్ని నేనే మరి.

"ఆడపిల్లకు కర్రెందుకురా?" అని మా నాయనమ్మ కేకలేసేది.

"బర్రెల్ని అదిలించనీకన్న పనికొస్తది తియ్యే అవ్వా" అని ఆయన నవ్వేవాడు.

మొదట్లో నా కర్ర నా మోకాలికే తగిలేది. దెబ్బ ఎటు నుంచి వస్తుందో, వస్తే ఏం చేయాలో లోపల అనుకుంటూ ఉండేదాన్ని. అనుకోవడం పూర్తయ్యేలోపే దెబ్బ వచ్చి పడేది. నా ముఖం చూస్తేనే చిన్నాయనకు తెలిసిపోయేది. "మల్ల లోపట ముచ్చట వెట్టినవ్. ఎవరితోనే గంత ముచ్చట?" అని ఎగతాళి చేసేవాడు. అట్లా చాలా కాలం గడిచింది. ఒక పొద్దున, ఎప్పుడు ఆగిందో ఎట్లా ఆగిందో గానీ, నా లోపల మాట ఆగిపోయింది. ఆయన కర్ర వచ్చేది, నా కర్ర వెళ్లేది. ఆ మధ్యలో నేనంటూ ఎవరూ లేరు. భయం లేదు, గెలవాలని లేదు. ఆట ఆగేసరికి గట్టు మీద పెట్టిన చాయ్‌లో చీమలు పడి ఉన్నాయి.

"ఇంతసేపు ఎవరాడిన్రే?" అని అడిగాడు.

"తెల్వది చిన్నాయనా" అన్నాను.

"గదే. నేను నీకు నేర్పేది గదే" అన్నాడు. మా తాత దగ్గర ఆయన నేర్చుకున్నది కూడా అదేనట. దెబ్బలు ఎవరైనా నేర్పవచ్చు, మనసు లేకుండా నిలబడడం మాత్రం ఎదుటి మనిషే నేర్పాలి అనేవాడు.

ఆ ఏడే చిన్నాయన కూడా కంపెనీలో చేరాడు. రేకును అచ్చు కింద పెట్టి కాలితో పెడలు తొక్కితే, పైనుంచి ప్రెస్సు దిగి డబ్బా మూత కోస్తుంది. చెయ్యి పెట్టాలి, తీయాలి, తొక్కాలి. రోజంతా అదే పని. ఆ రోజుల్లోనే చిన్నాయనకు పోతిరెడ్డిపల్లి సంబంధం ఒకటి కుదిరేటట్టు వచ్చింది. ఐతారం నాడు వాళ్లు చూడవస్తామన్నారు. అంతకు ముందటి శుక్రవారం ఆయన చెయ్యి ప్రెస్సు కింద పడింది. కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. నడుమ వేళ్లు పోయాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు మా నాయనమ్మ ఏడ్చిన ఏడుపు నాకు ఇంకా గుర్తుంది. "మనసు లేకుండ ఆడాలె, మనసు లేకుండ ఆడాలె అని అందరికి నేర్పితివి. గట్లనే మనసు లేకుండ మిషిన్ల చెయ్యి వెడితివి గదరా కొడకా!" అని రొమ్ము బాదుకుంది. కంపెనీలో సూపర్‌వైజరు కూడా ఇంచుమించు అదే మాట అన్నాడట, మనసు పెట్టి పని చేయలేదని.

ఏ మాటకైనా తిరిగి మాట అనే మా చిన్నాయన ఆ రోజు ఏమీ అనలేదు. నాకు ఆ చేతి కట్టు కన్నా ఆ మౌనానికే ఎక్కువ భయం వేసింది. నాయనమ్మ మాట ఆయన నమ్మేశాడు. చేతికి ఎప్పుడూ తువ్వాల చుట్టుకొని, గోడ వైపు తిరిగి ఎడమచేత్తో అన్నం తినేవాడు. పోతిరెడ్డిపల్లి వాళ్లు ఇప్పుడు వీలుపడదని కబురు పంపారు. మళ్లీ ఎప్పుడని ఎవరూ అడగలేదు. నాయనమ్మ కర్రలన్నీ తీసుకుపోయి చిక్కుడు పందిరికి పాతింది. ఆయన అరుగు మీద కూర్చొని చూస్తూ ఊరుకున్నాడు.

నేను చిన్నదాన్నే గానీ ఆ ఊరుకోవడం నాకు పడలేదు. ఆయన నేర్పింది నేను కల్లంలో ఒకసారి చూశాను. అది వేళ్లు తీసుకునేటటువంటిది కాదు. అదే వేళ్లు తీసుకుందంటే, ఆ పొద్దున నాకు దొరికింది అబద్ధం కావాలి. ఎట్లా చెప్పాలో తెలియక పందిరి నుంచి రెండు కర్రలు పీకాను. చిక్కుడు తీగ సగం కూలి నేల మీద పడింది.

"ఓ పోరీ, నీ చేతులు పాడుగాను! పందిరి పీకుతవే!" అని నాయనమ్మ వెంటపడుతుంటే, కర్రలు తీసుకుపోయి చిన్నాయన ముందు నిలబడ్డాను.

"రా చిన్నాయనా, నిలబడు."

"చెయ్యే లేదు. ఏం నిలబడాలె?"

"ఎడమ చెయ్యి ఉన్నది గద."

నాయనమ్మ తిట్లు ఆగుతాయనుకున్నాడో ఏమో, లేచి కల్లానికి వచ్చాడు.

ఆ రోజు నాకు ఏ దెబ్బా సాగలేదు. వేయబోయిన ప్రతి దెబ్బ సగంలో ఆపుకున్నాను. నా కళ్లు ఆ తువ్వాల మీదే ఉన్నాయి. ఈ వైపు వద్దు, ఆ వైపు వద్దు అని లోపల ఒకటే గొడవ. ఆయన ఎడమచేతికి అలవాటు లేక తూలి తిరిగాడు. నేను ఆపబోయిన కర్ర సరిగ్గా పోయి ఆ చేతికే తగిలింది. తువ్వాల ఎర్రబడింది. నేను కర్ర పారేసి ఏడ్చాను.

చిన్నాయన కింద కూర్చొని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నొప్పి తగ్గాక నన్ను అడిగాడు.

"గప్పుడు నువ్వు ఏం అనుకుంటున్నవ్?"

"నీ చేతికి తాకొద్దని."

ఆయన తనతో తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "ఆ దినం నేను గూడ అనుకుంటనే ఉన్న. ఐతారం వాళ్లొస్తరు, నీలం అంగీ తొడగాల్నా, తెల్లదా అని. కాలు తొక్కింది. నేను మిషిన్ కాడ లేను, పోతిరెడ్డిపల్లిల ఉన్న." నా వైపు తిరిగి, "మనసు లేక పోలే బిడ్డా చెయ్యి. మనసు ఇంకో కాడికి పోతే పోయింది. లేకుండుడు వేరు, పోవుడు వేరు" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ఏడవడం అదే మొదలు. తన తండ్రి నేర్పింది తనను మోసం చేయలేదని తెలిసి ఏడ్చాడో, ఒక అంగీ కోసం చెయ్యి పోయిందని ఏడ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"లే. కర్ర పట్టు. నా చెయ్యి సూడకు, నన్ను సూడు" అన్నాడు.

మళ్లీ ఆడాము. మొదట్లో నా కళ్లు తువ్వాల వైపే పోతుండేవి, ఆయన అదిలిస్తూ ఉండేవాడు. ఎక్కడో అదిలించడం ఆగింది. నాకు జాలి వేయడమూ ఆగింది. ఎదుట చెయ్యి పోయిన మనిషి లేడు, చిన్నాయన కూడా లేడు. కర్రలు తగులుతున్న చప్పుడు ఒక్కటే ఉంది.

ఆగి చూసేసరికి తువ్వాల ఎప్పుడు జారిందో మట్టిలో పడి ఉంది. ఆ చెయ్యి ఎండలో బయటే ఉంది. మా ఇద్దరికీ తెలియలేదు. గట్టు మీద నాయనమ్మ నిలబడి ఉంది, తిట్టడం మరచి. ఆమె చూపు ఎక్కడుందో చిన్నాయన చూశాడు. వంగి తువ్వాల తీసి, మట్టి దులుపుకొని, మెల్లగా మళ్లీ చేతికి చుట్టుకున్నాడు. ఆ చుట్టుకోవడం చూసినప్పుడు పడిన బాధ నేను మరెప్పుడూ పడలేదు.

ఆ తర్వాత ఆయన ఇంకో కంపెనీ గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. పెళ్లి కాలేదు. చివరి దాకా నలుగురిలో ఆ తువ్వాల విప్పలేదు. నాతో కర్ర ఆడేటప్పుడు మాత్రం దాన్ని గట్టు మీద పెట్టి వచ్చేవాడు. నాకు పెళ్లయి హత్నూర పోయాక ఆయన ఎదుట నిలబడడానికి ఎవరున్నారో నేను అడగలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను అక్షరాలు దిద్దుకున్నది ఆ తర్వాతే.

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అన్నం కలిపి నేనే తినిపిస్తాను. పెదవి మూల నుంచి చారు కారుతుంది. అది చూసి నేను అయ్యో అనుకున్న పూట, పైకి అనకపోయినా సరే, ఆయన నోరు మూసుకొని ముఖం తిప్పుకుంటాడు. ఏమీ అనుకోని పూట ముద్ద వెనుక ముద్ద పోతుంది, కంచం ఖాళీ అయ్యాకే ఇద్దరికీ తెలుస్తుంది. అటువంటి పూటలు తక్కువ. వాటి కోసమే రోజూ వెళ్లి ఆయన ఎదుట కూర్చుంటాను.