సీమోను ఎంచుకున్న సముద్రం

లాల్‌దర్వాజాలో అద్దెకుండే సీమోను ఆర్టీసీ సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. డ్యూటీ ఎక్కేముందు టైర్లు తట్టి, బ్రేకు తొక్కి చూసుకుని గానీ బండి కదిలించేవాడు కాదు. కండక్టరు ఎంత తొందరపెట్టినా వినిపించుకునేవాడు కాదు. ఇంట్లోనూ అదే నిదానం. భార్య నీలమ్మ జాకెట్లు కుడుతుంది. లేసు కొనడానికి బేగంబజార్ పోదామంటే, ముందు మబ్బు వంక చూసి ఆ తర్వాతే స్కూటరు తీసేవాడు.

అలాంటి మనిషికి రిటైరయ్యాక ఒక పిచ్చి పట్టుకుంది. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగున చేపల మధ్య తేలే మనుషుల వీడియోలు ఫోనులో చూసేవాడు. కంచంలో అన్నం చల్లారిపోయినా తెలిసేది కాదు. చిన్నప్పుడు ఊరి బయట క్వారీ గుంతలో పొద్దంతా ఈదినవాడే.

"నీలా, ఒక్కసారన్న నేను గట్ల దిగాలె" అన్నాడొకరోజు.

కూతురు స్వీటీ సంబరపడింది. "మాల్దీవులకు పోదాం బాపూ. ఫొటోలు మస్తు వస్తయి."

"ఫొటోలు తర్వాత బిడ్డా. ఏమన్న అయితే మన మాట అర్థమయ్యేటోళ్లుండాలె, దవాఖాన దగ్గరుండాలె."

ఆ లెక్కన అండమాన్ కుదిరింది. వానాకాలం అక్కడ అలలు పెద్దవనీ, నీళ్లు మసకబారతాయనీ తెలుసుకుని, చలి తగ్గే రోజుల్లో పోదామన్నాడు. తర్వాత అక్కడి డైవింగ్ కేంద్రాలకు వరసగా ఫోన్లు చేశాడు. ఒక్కో టీచరు ఎంతమందిని తీసుకుపోతాడు, ముందు లోతులేని నీళ్లలో నేర్పిస్తారా, పడవలో ఆక్సిజన్ ఉంటుందా అని అందరినీ అడిగాడు. ఒకతను, "ఏం కాదు సార్, రోజూ ఎంతమంది దిగడం లేదు?" అన్నాడు. సీమోను ఫోను పెట్టేసి, "బ్రేకులెట్లున్నయంటె హారన్ కొట్టి చూపిస్తుండు" అన్నాడు భార్యతో.

ఇంకో కేంద్రంవాళ్లు ఓపిగ్గా జవాబులు చెప్పి, తిరిగి వాళ్లే ఒక ప్రశ్న వేశారు. ఉబ్బసం గానీ, గుండె జబ్బు గానీ, చెవి ఆపరేషన్ గానీ ఉన్నాయా, ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోండి అన్నారు.

సీమోను చెయ్యి చెవి మీదికి పోయింది. పడుచు వయసులో క్వారీ గట్టు మీది నుంచి దూకినప్పుడు కర్ణభేరి పగిలి, కోఠి దవాఖానలో ఆపరేషన్ చేయించుకున్న సంగతి ఆయన మర్చిపోయినట్టే బతుకుతున్నాడు. మర్నాడు వెళ్తే, చెవి డాక్టరు లైటు వేసి లోపలికి చాలాసేపు చూశాడు. "లోతుకు పోయేకొద్దీ చెవి మీద ఒత్తిడి పెరుగుతుంది. ఈ పొర మళ్లీ చిరిగితే నీళ్లలోనే కళ్లు తిరుగుతాయి, పైకేదో కిందికేదో తెలీదు. మీరు దిగొద్దు" అన్నాడు.

ఇంటికొచ్చి, అప్పటికే కొన్న విమానం టికెట్లు రద్దు చెయ్యమని స్వీటీకి చెప్పాడు. మిషను ముందు కూర్చున్న నీలమ్మ తల ఎత్తకుండానే అంది, "ఎందుకు రద్దు? నేను దిగుత."

"నీకు ఈత రాదు గదనే."

"ఈత రాకున్నా టీచరు పట్టుకొని తీస్కపోతడని నువ్వే చెప్తివి. ఇంతమందినడిగి ఎంచుకున్న జాగ. ఇద్దరిట్ల ఒక్కలన్న చూడకపోతె ఎట్ల?"

ఆమెనూ డాక్టరుకు చూపించాడు. ఊపిరి, బీపీ బాగున్నాయన్నాక గానీ సంచి సర్దనివ్వలేదు.

అండమాన్‌లో ఆ కేంద్రం టీచరు నిఖిలేష్ తాతలు శ్రీకాకుళం నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడ్డవాళ్లు. అతని నోట తెలుగు విని నీలమ్మకు సగం భయం తీరింది. నడుములోతు నీళ్లలో నిలబెట్టి చెప్పాడు. "ఊపిరి ఎప్పుడూ బిగబట్టకండమ్మా. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే చెవుల్లో బరువు తగ్గుతుంది. నొప్పెడితే చెయ్యి ఇలా ఊపండి, ఆగిపోదాం."

మొదటిసారి తల ముంచగానే ఆమె బొటనవేలు పైకెత్తింది. అతను వెంటనే పైకి తెచ్చేశాడు.

"ఏమైందమ్మా?"

"ఏం కాలే బాబూ. మంచిగుందని చూపిచ్చిన."

"నీళ్లలో దానర్థం పైకి పోదామని." అతను నవ్వుతూ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు. "బాగుంటే ఇలా."

పడవ ఎక్కే ముందు సీమోను వైపు తిరిగాడు నిఖిలేష్. "జలుబు చేసి ఇవాళ ఒకాయన రాలేదు. ఆయన టీచరు ఖాళీనే. ఆరోగ్యం బాగుంటే మీరూ దిగండి బాబాయ్."

సముద్రం గాజు పలకలా ఉంది. ఆపరేషన్ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. చెవి నొప్పిపెట్టక ఏళ్లయింది. సీమోను ఆ నీళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

"చెవి ఆపరేషన్ అయింది బాబూ. డాక్టరు వద్దన్నడు" అన్నాడు చివరికి.

పడవలో కూర్చుని, భార్య మునిగినచోట లేచే బుడగలనే చూశాడు. అన్నేళ్లూ బస్సెడు జనాన్ని తీసుకుపోయినా, ఇంత బరువు ఎప్పుడూ మోసినట్టు లేదు. బుడగలు పక్కకు జరిగితే తనూ పక్కకు జరిగాడు. ఆమె తల పైకి తేలినప్పుడు గానీ పడవ అంచును వదల్లేదు.

నీలమ్మ మాస్కు తీసి, పడవలోకెక్కి ఆయన పక్కన కూర్చుంది. ఒడ్డుకొచ్చి చాయ్ తాగాక మెల్లగా మొదలుపెట్టింది. "పసుప్పచ్చ చేప ఒకటి నా మొఖం ముంగటికొచ్చి నిలవడ్డది. అంచుకు నల్ల పైపింగ్ ఏసినట్టుంది. నేను ఊపిరిడుస్తె బెదిరింది, మళ్లొచ్చింది." సీమోను ఇంకా ఇంకా అడిగాడు. ఎంత పెద్దది, అడుగున ఇసుకా రాళ్లా, చప్పుడేమన్నా వినబడిందా అని. ఆమె ఏదీ వదలకుండా చెప్పింది.

డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కడం ఒంటికి మంచిది కాదని నిఖిలేష్ ముందే హెచ్చరించాడు. అందుకని మరుసటి రోజు కూడా అక్కడే ఉన్నారు. అడుగున అద్దం బిగించిన పడవలో తిరుగుతుంటే, కిందికి వేలు చూపిస్తూ నీలమ్మే ఆయనకు అన్నీ చెప్పింది. ఆయన అద్దానికి మొహం ఆనించి చూశాడు.

ఎండాకాలం వచ్చేసరికి ఆమె ఈత నేర్చుకుంటానంది. సైదాబాద్ వైపు ఒక ఈతకొలనులో ఆడవాళ్ల బ్యాచి దొరికింది. చేర్పించే ముందు సీమోను వెళ్లి, నీళ్ల లోతెంత, నేర్పే అమ్మాయి ఎలాంటిది, ఎవరైనా మునిగితే తీసేవాళ్లున్నారా అని కనుక్కున్నాడు. ఆమె లోపల నీళ్లలో కాళ్లూ చేతులూ ఆడిస్తున్నంతసేపూ ఆయన బయట స్కూటరు మీద కూర్చుని ఫోనులో చేపల్ని చూస్తుంటాడు.