ఇల్లు లేదని పాడే పాట

మా అమ్మకు ఆ పాట మీద అనుమానం సొంత ఇల్లు వచ్చాకే మొదలైంది. అంతకుముందు ముప్పై ఏళ్లు ఏ అనుమానమూ లేకుండా, చర్చి రేకులు అదిరేలా పాడింది. ఈ లోకంలో నాకు ఇల్లు లేదు, దారిన పోయే మనిషిని, నా ఇల్లు పైన ఉంది అని ఆ పాట భావం. ఆ రోజుల్లో మా చర్చిలో సగం మందికి నిజంగానే ఇల్లు లేదు కాబట్టి పాట బాగా కుదిరేది.

మేమప్పుడు నల్లమాడ దగ్గర ఒక రైతు కల్లం పక్కన, ఆయన ఊరికే ఉండమన్న జాగాలో కొట్టం వేసుకుని ఉన్నాం. ఊరికే ఉండమన్నాయనే ఒకరోజు వచ్చి, ఇది మీ ఇల్లు కాదు అన్నాడు. పశువుల మేతకు చెనిక్కాయ కట్టె వామి వేయడానికి ఆయనకు జాగా కావాల్సి వచ్చిందట. తర్వాత వెళ్లిన చోట కూడా అంతే. అమ్మ ఆ మాట రెండుసార్లు విన్నది, రెండుసార్లూ రాగం లేకుండా.

ప్రభుత్వ కాలనీలో పట్టా వచ్చి, గోడలు లేచి, స్లాబు పడేసరికి నాయన పోయి ఏడాదైంది. ఇల్లు అమ్మ పేరు మీద ఉంది. ఇక ఒక్క ఫొటో మిగిలింది. ఇళ్ల సారు వచ్చి, అమ్మను తలుపు ముందు నిలబెట్టి, ఫోనులో ఫొటో తీసి పైకి పంపాలి. అది పోతేనే ఇల్లు పూర్తయినట్టు. ఆయన ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. అందుకని అమ్మ మూడు వారాలుగా ఉతికిన చీరతోనే తిరుగుతోంది.

కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. ముందురోజు పాస్టరుగారు పాటల చీటీ పంపారు. అమ్మకు చదవడం రాదు, నేను చదివి వినిపించాను. మొదటి పాట అదే.

"ఆ పాట రాసినోనికి ఇల్లు ఉన్నిందా?" అని అడిగింది.

తెలియదన్నాను.

"ఉన్నింటాది. లేనోడైతే అట్ల రాయడు."

నేను అనంతపురంలో ఎమ్మే చదివాను. నా సబ్జెక్టుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు గానీ, మా ఇంట్లో ఎమ్మే అంటే అన్నిటికీ ఎమ్మేనే. కాబట్టి అర్థం చెప్పడానికి కూర్చున్నాను. పాటలో దారిన పోయేవాడంటే ఇల్లు లేనివాడని కాదు, ఉన్నదాన్ని పిడికిట్లో బిగించి పట్టుకోనివాడు అని చెప్పాను. బైబిల్లో అబ్రాహామును చూడమన్నాను. దేశమంతా ఇస్తానని దేవుడే మాటిచ్చినా, ఆయన గుడారాల్లో పరదేశిగానే బతికాడు.

యాడా సెంటు జాగా కూడా కొనలేదా అని అడిగింది. ఒకే ఒక్కసారి కొన్నాడని చెప్పాను. భార్య చనిపోతే పాతిపెట్టడానికి ఒక పొలం, అందులో ఒక గుహ. ఊరికే తీసుకో అన్నారు అక్కడివాళ్లు. ఒప్పుకోలేదు. ఊరి గవిని వాకిలి దగ్గర, అందరి ముందు, వెల కట్టించి తీసుకున్నాడు.

"ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదా?"

"లేదు."

"తెలివైనోడు," అంది. మా అమ్మ అబ్రాహాముకు ఇచ్చిన మొదటి సర్టిఫికెట్టు అది. కొడుకును బలివ్వడానికి కొండ మీదికి తీసుకుపోయిన సంగతి విన్నప్పటినుంచీ ఆయన మీద కూడా అనుమానంగానే ఉండేది.

మర్నాడు ముప్పై మంది దాకా వచ్చారు. పాస్టరుగారు గుంటూరు వైపు నుంచి వచ్చినాయన. మంచివాడు. జవాబు తోచనప్పుడు ఆత్మీయంగా, అంటే లోకం లెక్కన కాకుండా ఆత్మ లెక్కన, చూడాలి అంటాడు. అమ్మ అనుభవంలో ఆత్మీయంగా ఇచ్చినదేదీ చేతికి రాలేదు.

పాట రెండో చరణంలో ఉండగా బయట మోటారు సైకిలు ఆగింది. ఇళ్ల సారు ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఈ ఇల్లు ఎవరిదమ్మా అని అడిగాడు. సరిగ్గా అప్పుడే ముప్పై గొంతులు ఇక్కడ ఎవరికీ ఇల్లు లేదని ఏకగ్రీవంగా తెలియజేశాయి. ఆయన తలెత్తి చుట్టూ చూశాడు. సిగ్నలు కోసమేలే అనుకున్నాను. అయినా ఆ చూపు నాకు నచ్చలేదు.

అమ్మ చెయ్యెత్తింది. డోలక్ ఆగింది.

"అయ్యగారూ, ఈ పాట ఈడ వద్దు."

"అమ్మా, అది ఈ ఇంటి గురించి కాదమ్మా. ఆత్మీయంగా..."

"సారు ఆత్మీయంగా రాసుకోడు గదా," అంది అమ్మ. "అబ్రాహాము గూడా దావన పోయేటోడే. అయినా అందరి ముందర జాగా నాదనిపించుకున్నాడు. ఆ పొద్దు ఆయన ఈ పాట పాడినాడా?"

పాస్టరుగారు బైబిలు తెరిచారు. కాసేపు చూసి మూసేశారు.

"ఏంటికమ్మా ఆపినారు, పాట బాగుండాది గదా," అన్నాడు సారు. దాంతో అమ్మ అనుమానం తీరలేదు సరిగదా, స్థిరపడింది. చూసినావా, వింటాండాడు అన్నట్టు నా వైపు చూసింది.

సారు ఆమెను తలుపు ముందు నిలబెట్టాడు. నవ్వమన్నాడు. నవ్వలేదు. ఒక చెయ్యి ద్వారబంధం మీద వేసి, ఆ చెయ్యి ఫొటోలో పడిందా అని రెండుసార్లు అడిగింది. ఫొటో పైకి పోయిందని ఆయన ఫోను చూపించాడు. నన్ను పిలిచి చూడమంది. చూశాను. ఇంకోసారి చూడమంది.

బండి శబ్దం పూర్తిగా వినపడకుండా పోయాక పాస్టరుగారి వైపు తిరిగింది.

"ఇప్పుడు పాడదాం రాండి అయ్యగారూ. ఈడ కాదు. దావన పోయేటోళ్ల పాట దావ మీదనే పాడల్ల."

అందరూ లేచి బయటికి నడిచారు, అందరికన్నా ముందు పాస్టరుగారు. వాళ్ల వెనక నడుస్తూ, నిన్న నేను చెప్పిన అర్థం కొంచెం తొందరపడి చెప్పిందేమో అనుకున్నాను. నాది అనడానికి ఏదో ఒకటి ఉన్నవాడు నాది కాదు అంటే అది విశ్వాసం. ఏమీ లేనివాడు అంటే అది సమాచారం. ముప్పై ఏళ్లు మేము పాడింది సమాచారమే. ఆ లెక్కన అమ్మ ఆ పాట పాడబోయేది ఇదే మొదటిసారి.

ఆమె ఆఖరున వచ్చింది. తలుపు మూసి, తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. తర్వాత మట్టిరోడ్డు మీద మా మధ్య నిలబడి, ఈ లోకంలో తనకు ఇల్లు లేదని అందరికన్నా గట్టిగా పాడింది.