గోడ దగ్గర పిల్లిమొగ్గ

నలభై ఏడేళ్ళ వయసులో పిల్లిమొగ్గలు నేర్చుకున్నాను. అదీ నీళ్ళలో. యూనివర్సిటీ ఆఫీసులో కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోందని క్యాంపస్ స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్ళ బ్యాచీలో చేరాను. నడుంనొప్పి తగ్గిందో లేదో గాని పోటీల పిచ్చి పట్టుకుంది.

పెద్దవాళ్ళ పోటీలకి నలుగురు ఆడవాళ్ళతో రిలే జట్టు కడుతున్నారు. ముగ్గురు కుదిరారు. ఆ నాలుగో చోటు నాకు కావాలి. బయటికి చెప్పుకోవడానికి సిగ్గేసేంతగా కావాలి. బడిలో ఏ ఆటకీ నన్ను జట్టులో వేసుకున్న పాపాన పోలేదు. ఖోఖో అయినా, రన్నింగ్ అయినా అందరి సంచులూ నా దగ్గర పడేసి పోయేవాళ్ళు. ఇది ఎక్కడికీ కదలదని వాళ్ళ నమ్మకం.

మా కోచ్‌ది గోల్నాక. నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్నది. మేడం, మేడం అంటూనే ప్రాణం తీస్తుంది.

"మేడం, ఆదివారం దాక టైం ఇస్తున్న. టర్న్ వస్తే మీరే నాలుగో మనిషి. రాకపోతే వేరేటోళ్ళను తీసుకుంట" అంది.

టర్న్ అంటే, గోడ దాకా ఈది దాన్ని చేత్తో పట్టుకుని హమ్మయ్య అనకూడదు. గోడ ముందరే నీళ్ళలో పిల్లిమొగ్గ వేసి, కాళ్ళతో గోడను తన్ని వెనక్కి దూసుకురావాలి. మొదటిరోజు సగం పూల్ ముక్కులోంచి లోపలికి పోయింది. తేలి చూస్తే పక్క లైన్లో ఉన్నాను. ఇలా కాదని తార్నాకలో మా ఫ్లాట్లో పొద్దున్నే మంచం మీద సాధన మొదలుపెట్టాను.

"ఏమే, మంచం ఇరిగిపోతాది" అన్నాడు మా ఆయన, కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి.

"ఇరిగితే కింద పండుకుందాం. నువ్వు పక్కకి జరుగు" అన్నాను.

బుధవారం కోచ్ గోడ పక్కనే నీళ్ళలో నిలబడింది, నేను తిరిగేటప్పుడు నడుం పట్టుకుని సాయం చేద్దామని. ఆరోజు భలే తిరిగాను. ఫాట్‌మని తన్నాను కూడా. గోడను కాదు, కోచ్ కడుపులో. ఎవరికైనా కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోవాలని పుట్టినప్పట్నుంచీ విన్నదాన్ని. పైగా గురువాయె. ఈత ఆపేసి, నీళ్ళలో తడుముకుంటూ ఆమె చెయ్యి దొరకబుచ్చుకుని కళ్ళకద్దుకున్నాను.

"రేసుల గిట్ల మొక్కుకుంట కూసుంటే అవుతలోళ్ళు మెడల్ ఏస్కొని ఇంటికి పోతరు మేడం!" అంది కడుపు పట్టుకుని. సగం నొప్పి, సగం నవ్వు.

ఇక అప్పట్నుంచీ గోడ దగ్గరికి రాగానే నా కాళ్ళు ముడుచుకుపోయేవి. మళ్ళీ ఎవరికి తగులుతాయో అని భయం. "తన్నుర్రి మేడం, గోడకు నొప్పి కాదు" అని ఆమె అరుస్తూనే ఉండేది. గురు, శుక్ర, శనివారాలు అలాగే పోయాయి.

ఆదివారం మా ఆయన కూడా వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మిగతా ముగ్గురూ ఈదేశారు. నా టర్న్ దగ్గర్నుంచి చూద్దామని కోచ్ మళ్ళీ గోడ పక్కనే నీళ్ళలో వంగి నిలబడింది. విజిల్ వినబడింది, బయల్దేరాను. పూల్ అడుగున దారి చూపించే నల్లగీత అయిపోయింది, గోడ వచ్చేసింది. తల వంచి తిరిగాను. ఆకాశం, నా మోకాళ్ళు, బుడగలు అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. ఎంత సంతోషమేసిందంటే నీళ్ళలోనే నవ్వేశాను. ఒక కాలు గోడకి గట్టిగా తగిలింది. రెండోది మెత్తగా తగిలింది.

చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది, కోచ్ భుజం. నా కుడిచెయ్యి దానంతటదే కళ్ళవైపు లేచింది. మా అమ్మా అమ్మమ్మా లోపలినుంచి "మొక్కవే" అంటున్నారు. ఉండండి, తర్వాత మొక్కుతానన్నాను. లేచిన చేతిని అలాగే ముందుకి చాపి, ఉన్న బలమంతా పెట్టి తన్నాను. అవతలి గోడ అంత తొందరగా ఎప్పుడూ రాలేదు.

కోచ్ భుజం రుద్దుకుంటూ గట్టు వెంబడి నడిచొచ్చింది. నా ముందు వంగి ఆ భుజం చూపించి, "గిప్పుడు మొక్కుర్రి, నాలుగో మనిషీ" అంది.

మొక్కాను. నలుగురం ఒకరి మెడలొకరు పట్టుకుని గంతులేశాం. మా ఆయనకి చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేవు. మా నలుగురి సంచులూ ఆయన ఒళ్ళోనే ఉన్నాయి.