గొడుగు కింద స్నానం

ఉత్తరాదిన, వైశాలిలో మా ఫ్లాటు బాత్రూం పైకప్పు కారుతుంటే ఏడాది పాటు గొడుగు పట్టుకుని స్నానం చేశాను. పై అంతస్తులో ఉండేది కడప వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ సుబేదారు. ఆయనకు నాలుగుసార్లు చెప్పాను, నాలుగుసార్లూ హిందీలోనే. తెలుగులో అయితే పెద్దాయన్ని బాబాయ్ గారూ అని పిలవాలి. అలా పిలిచాక ఇంకేం పోట్లాడతాం? ఆయనా హిందీలోనే "కారేది మీ పైపే" అని తలుపు వేసుకునేవాడు.

చివరికి కేసు వేశాను. నాకు మరమ్మతు ఒక్కటే చాలదు. ఆయన బోనులో నిలబడి, జడ్జిగారి ముందు "తప్పు నాదే" అనాలి. ఆ మాట కోసం మా సొసైటీ అంతా ఎదురుచూస్తోంది. ఎందుకంటే లిఫ్టులో దొరికిన ప్రతివాళ్లకీ నేనే చెప్పాను. అద్దం ముందు హిందీలో వాదన కూడా ప్రాక్టీసు చేశాను.

జడ్జిగారు కాగితాలు తిరగేసి, రెండు నిమిషాల్లో మమ్మల్ని మీడియేషన్‌కు పంపేశారు. అక్కడ బోను లేదు. గుండ్రటి బల్ల, టీ, బిస్కెట్లు. పెళ్లిచూపులకు వచ్చినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

రాజీ కుదిర్చే మేడమ్ మా హిందీ కేకలు కాసేపు విని, ఇద్దరిదీ ఒకే యాసని పట్టేసి, "అప్నీ భాషా మే బోలియే," అంది. ముందు మీ భాషలో మాట్లాడుకోండి, నాకు తర్వాత చెబుదురుగాని అని.

నేనే మొదలుపెట్టి, "బాబాయ్ గారూ, గొడుగేసుకుని స్నానం చేస్తున్నానండీ," అన్నాను.

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "గొడుగా? ఈ మాట ముందే చెప్పింటే అయిపోయేది కదప్పా. నువ్వు నోటీసు, కోర్టు అంటాంటే నాకూ పౌరుషమొచ్చె. మేస్త్రీని పిలిపిస్తాలే."

సంతకాలయ్యాయి. మా సొసైటీ గేటు దగ్గరే ఎదురింటి ఆంటీ పట్టుకుంది. "కౌన్ జీతా?"

ఎవరు గెలిచారో నాకే తెలియదు. "టీ ఇచ్చారు ఆంటీ," అన్నాను. కోర్టు పేరెత్తితే వణికే ఆవిడ, మర్నాడే పార్కింగ్ గొడవకు కేసు వేస్తానని బయల్దేరింది.

వారం తిరక్కుండా మేస్త్రీ వచ్చాడు. వెనకే సుబేదారు గారూ మా బాత్రూంలోకి వచ్చి, తలెత్తి పైకప్పు చూశాడు. "పగిలింది మా టైలేనప్పా. తప్పు నాదే."

ఏడాదిగా ఎదురుచూసిన మాట. వినడానికి నేనూ, మేస్త్రీ, మూలనున్న గొడుగూ తప్ప ఎవరూ లేరు. పైగా నేను కంగారుపడి, "అయ్యో, అంత మాటెందుకు బాబాయ్ గారూ, మా పైపు కూడా పాతదేలెండి," అనేశాను.