తడిసిన నెత్తళ్లు

దానమ్మది చీరాల దగ్గర వాడరేవు. మొగుడికి రైల్వే గ్యాంగులో పని దొరికితే ఆయన వెంట నంద్యాల వచ్చింది. వాడరేవులో అన్న వల లాగుతాడు, వదిన ఇసుక మీద నెత్తళ్లు, వేలెడంత చేపలు, ఎండబెడుతుంది. తాటాకు చాపల్లో కట్టిన మూటలు రైల్లో వస్తే, దానమ్మ వాటిని ఆళ్లగడ్డ సంతలో అమ్ముతుంది. తొమ్మిదేళ్లుగా ఆమె చోటు రోడ్డు పక్కన, శనగల వ్యాపారి ఆదినారాయణ అరుగు ముందు. ఆ చోటు పోతే మురుగు కాలవ గట్టే గతి. ఆ చెమ్మకు ఎండుచేప ఒక్క పూట నిలవదు.

ఆదినారాయణకు ఆమె కిట్టదు. ఆమె మూట విప్పగానే పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు.

"సముద్రమంతా మోసుకొచ్చి నా మొగాన పెడ్తివి గదమ్మే!"

"మీ కాటావాడు వారం వారం కొనుక్కెళ్తున్నాడు. ఎవరింట్లో వండుతున్నారో కనుక్కోండి."

సంత గుత్తకు పట్టిన శ్రీనివాసులు ఈ తగువుతో విసిగిపోయాడు. "నువ్వొక్కనివే అంటాండావప్పా. ఇంకెవురన్నా అంటే లేపుతా, లేకుంటే లేదు" అని తేల్చేశాడు.

యాభయ్యారు ఎండాకాలంలో ఒక సంతనాడు శనగలు కొనడానికి కర్నూలు నుంచి పెద్ద బేరగాళ్లు వస్తున్నారని ఆదినారాయణకు కబురందింది. దానమ్మ మూడు మూటలు దించి, నాలుగోదాని కోసం బస్సు దగ్గరికి వెళ్లింది. ఆమె అటు తిరగగానే అతను కొట్టం కడిగినట్టు ఆ మూటల మీద నాలుగు కడవల నీళ్లు పోశాడు. కడిగితే వాసన పోతుందనుకున్నాడు.

ఎండుచేప పొడిగా ఉన్నంతసేపే నోరు మూసుకుని ఉంటుంది. తడి తగిలాక వాసన అరుగెక్కింది, శనగ బస్తాలు దాటి సంతంతా పాకింది. ఈగలు ముసిరాయి. బెల్లం అమ్మే రంగమ్మ మొదలుకొని అందరూ అరిచారు.

దానమ్మ తిరిగొచ్చేసరికి శ్రీనివాసులు అక్కడ నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు అందురూ అంటాండారు. వచ్చే సంతకాడ్నుంచి కాలవకాడ కూచో."

"నీళ్లు పోసిందెవరు?"

కడవ ఇంకా ఆదినారాయణ చేతిలోనే ఉంది.

"వాసన పోతాదని పోస్తి," అన్నాడు.

"ఎండినదాన్ని కడుగుతారా ఎవరన్నా?"

"ఎవురు పోస్తే ఏంది? మాట మాటే," అన్నాడు శ్రీనివాసులు.

దానమ్మ నాలుగో మూట పొడినేల మీద దించింది. "సరే. వచ్చే సంతకి కాలవ దగ్గరే కూర్చుంటా. ఇవాళ ఆశీలు కట్టాను. పొద్దుగూకేదాకా ఈ చోటు నాది."

శ్రీనివాసులు పక్కకు తప్పుకున్నాడు. ఆమె తడిసిన చాపలు విప్పి, ఆదినారాయణ మెట్టు అంచు దాకా పరిచి, వదిన ఇసుక మీద పరిచినట్టే నెత్తళ్లను పలచగా నెరిపింది. కర్నూలు బేరగాళ్లు దూరంగా ఆగి, ముక్కులు మూసుకుని, ఎదుటి అంగడి మెట్లెక్కారు.

"ఎంతసేపమ్మే ఇది?" ఆదినారాయణ గొంతు కీచుమంది.

"ఎన్ని నీళ్లు పోశారో మీకే తెలియాలి."

ఎండ నడినెత్తికి వచ్చింది. దానమ్మ చాప మొదట్లో కూర్చుని, నెత్తళ్లను గుప్పెడు గుప్పెడుగా తిరగేయసాగింది.